కోసుకోమని ఎవరూ చెప్పని జడ

కొవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన ఏడాది, బోనాల రోజుల్లో, నన్ను పటాన్‌చెరు పారిశ్రామిక వాడలోని మా ఇంజెక్షన్ల కంపెనీ కొత్త బ్లాకుకు వేశారు. హోదా డిప్యూటీ మేనేజర్, విభాగం క్వాలిటీ అష్యూరెన్స్. పేరు ఘనంగా ఉంటుంది కానీ, సంగారెడ్డి బజారులో మా నాన్న తన ధాన్యం దుకాణంలో చేసిన పనికీ నా పనికీ పెద్ద తేడా లేదు. వచ్చిన సరుకును చేత్తో తిరగేసి ఇది లోపలికి, ఇది వెనక్కి అని చెప్పడం ఆయన పని. ఆయన కందులూ జొన్నలూ చూసేవాడు, నేను మనుషులను చూసేదాన్ని.

ఇంజెక్షన్ల తయారీ గురించి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. మాత్రలో చిన్న మలినం ఉంటే కడుపు ఎలాగో సర్దుకుంటుంది. ఇంజెక్షన్ నేరుగా నెత్తురులో కలుస్తుంది, సర్దుకోవడానికి సమయం ఉండదు. అందుకే మందును సీసాల్లో నింపే గదిని సూక్ష్మజీవి అనేది లేకుండా ఉంచుతారు. దాన్ని స్టెరైల్ ఏరియా అంటాం. ఆ గదికి అందరికన్నా పెద్ద శత్రువు మనిషే. స్నానం చేసి వచ్చినా సరే, కదిలినప్పుడల్లా మన ఒంటి నుంచి చర్మపు పొట్టు, వెంట్రుకల దుమ్ము రాలుతూనే ఉంటాయి. కాబట్టి లోపలికి పోయేవారు గది గదికీ బట్టలు మార్చుకుంటూ పోతారు. తలకు టోపీ, దానిపైన తలా మెడా భుజాలూ కప్పే హుడ్, ఒంటికి ఒకే ముక్కగా కుట్టిన తెల్ల సూటు, మూతికి మాస్కు, కళ్లకు గాగుల్స్, చేతులకు రెండు జతల గ్లౌజులు. ఈ మొత్తం తతంగాన్ని గౌనింగ్ అంటారు. వేసుకునేటప్పుడు సూటు నేలకు తగలకూడదు, దాని బయటి వైపు వేలు కూడా ఆనకూడదు.

ఇది వచ్చినట్టే అనిపిస్తుంది, రాదు. అందుకే పరీక్ష పెడతాం. మనిషి గౌనింగ్ చేసుకున్నాక నుదుటి మీద, ఛాతీ మీద, ముంజేతుల మీద, వేళ్ల మీద చిన్న చిన్న ప్లేట్లు అద్దుతాం. ఆ ప్లేట్లలో సూక్ష్మజీవులు పెరగడానికి తగిన మేత ఉంటుంది. కొన్ని రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచితే, అద్దిన చోట మురికి ఉందో లేదో చుక్కలు చుక్కలుగా తేలుతుంది. వేర్వేరు రోజుల్లో మూడుసార్లు వరుసగా ప్లేట్లు శుభ్రంగా వస్తేనే లోపలికి అనుమతి. ఆ అనుమతి మీద సంతకం నాది.

కొత్త బ్లాకుకు ఆడపిల్లలను తీసుకోవాలని కంపెనీ నిర్ణయించింది. సీసాలతో పనికి చేతి నిదానం కావాలి, ఇంటర్ చదివిన పిల్లలు నేర్పితే త్వరగా నేర్చుకుంటారు. కొండాపూర్ మండలం ఊళ్ల నుంచి బస్సు వేస్తామన్నారు. హెచ్ఆర్ మేనేజర్ శ్రీధర్, నేను కలిసి ఒక ఊరికి పోయి పంచాయతీ ఆఫీసు వరండాలో తల్లులను కూర్చోబెట్టి మాట్లాడాం. శ్రీధర్ జీతం, క్యాంటీన్, ప్రావిడెంట్ ఫండ్ అన్నీ చక్కగా వివరించాడు. అంతా విన్నాక బాలమణి అనే ఆమె లేచింది. పత్తి చేను నుంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగు నడుముకు దోపుకునే ఉంది.

“అన్నీ మంచిగనే చెప్తున్నరు సారు. నా బిడ్డ ఎంటికెలు కోపిస్తరా? ముందుగాల గది చెప్పుండ్రి,” అంది.

మిగతా తల్లులందరూ అవునవును అన్నారు. పిల్లలు ఏ షిఫ్టులో పనిచేయాలి, ఏ రసాయనాల పక్కన నిలబడాలి అని ఒక్కరూ అడగలేదు. నాకు ఆశ్చర్యం వేయలేదు. నేనూ అటువంటి ఇంట్లోనే పుట్టాను. మా ఇంట్లో ఆదివారం అంటే కుంకుడుకాయల రసం, కళ్ల మంట, అమ్మ మోకాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చోవడం. “జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే” అంటూ మా అమ్మ మా అక్కచెల్లెళ్ల తలలు ఒక్కొక్కటే పట్టుకునేది, ఆ పట్టులో ప్రేమ ఎంత ఉండేదో మొరటుతనం కూడా అంతే ఉండేది. నేను వెనక్కి తిరిగి నా జడ బాలమణికి చూపించాను.

“ఇగో చూడక్కా. గీ జడతోనే ఇన్నేండ్ల సంది గా రూముల్లకు పోతున్న. నన్నెవ్వరు కొయ్యమనలే. నీ బిడ్డనూ అనరు. గది నా జిమ్మేదారి,” అన్నాను.

ఆ మాటతో సగం మంది పేర్లు ఇచ్చారు.

జడతో హుడ్ వేసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. ఒక్క జడ వేస్తే మెడ వెనక గడ్డలా ఉబ్బుతుంది. వంగినప్పుడు హుడ్ వెనక్కి గుంజుకుపోతుంది, నుదుటి దగ్గర సందు పడుతుంది. అందుకని రెండు జడలు బిగుతుగా వేసి, ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా తిప్పి, తల వెనక బల్లపరుపుగా అణిచి పిన్నులు పెట్టాలి. ఆపైన టోపీ. ఇది నేను నా ఉద్యోగం మొదట్లో అద్దం ముందు తంటాలు పడి కనిపెట్టుకున్నది. పిల్లలు దానికి “మేడం జడ” అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు నచ్చేదని ఒప్పుకోవడానికి మొహమాటం లేదు. ఒకసారి సమావేశంలో ఒక షిఫ్ట్ ఇన్‌చార్జి, రాతపూర్వక విధానంలో ‘జుట్టు పొట్టిగా ఉండవలెను’ అని ఒక లైను కలిపితే సరిపోతుంది కదా అన్నాడు. ఆయనకు గుబురు మీసాలుండేవి. అదే లైనులో మీసాల సంగతి కూడా రాద్దామా అని అడిగాను. ఆ ప్రతిపాదన అక్కడితో ఆగింది.

బాలమణి కూతురు పేరు రేణుక. ఇంటర్ బైపీసీ, ఇరవై ఏళ్లు ఉంటాయి. జడ నడుము దాటి ఉండేది, మణికట్టంత లావు. మొదటిసారి పరీక్షలో నుదుటి ప్లేటు నిండా చుక్కలు వచ్చాయి, రెండోసారీ అంతే. ఇంకోసారి తప్పితే ఆమెను ప్యాకింగ్ హాలుకు పంపేస్తారు. అక్కడ కాంట్రాక్టు పనే తప్ప పర్మనెంట్ అయ్యే దారి లేదు. కాబట్టి ఒక మధ్యాహ్నం బట్టలు మార్చుకునే గదిలో అద్దం ముందు కూర్చోబెట్టి నా పద్ధతి నేర్పాను. దువ్వెన ఎటు పట్టాలో తెలియనట్టు పట్టుకుంది. పరీక్ష భయమనుకున్నాను. రెండు మూడు రోజులు సాధన చేసింది, ఆ తర్వాత మూడు గౌనింగులూ శుభ్రంగా వచ్చాయి. సంతకం పెట్టాను. ఇంత జుట్టుతో పాసైన మనిషి ఈ చుట్టుపక్కల కంపెనీల్లో ఉండదు అని శ్రీధర్‌తో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

తరువాతి వారం ఒక ఉదయం గేటు దగ్గరి సెక్యూరిటీ నుంచి ఫోను. ఎవరో రైతు మహిళ వచ్చింది, విజయ మేడం అంటూ మీ పేరే చెబుతోంది, లోపలికి పంపకపోతే గేటుకు అడ్డంగా కూర్చుంటానంటోంది అన్నాడు. నేను సందర్శకుల గదికి పోయేసరికి బాలమణి కుర్చీ ఉన్నా నిలబడే ఉంది. శ్రీధర్ నీళ్లు తెప్పిస్తే ముట్టలేదు.

“మాటిచ్చి మోసం చేసినవు గద మేడం,” అంది నన్ను చూడగానే. “నా బిడ్డ నెత్తి కోపిచ్చినవు. శనివారం నాడు చున్నీ చుట్టుకొని ఇంటికొచ్చింది. ఏందే అని గుంజితే మెడ కాడికి ఉన్నయి ఎంటికెలు, మొగపోరగాని లెక్క. ఎవ్వలు కోసిండ్రంటే కంపెనీల కోసుకొమ్మన్నరు అంటది.”

నేను నమ్మలేదు. రేణుకను ఆ ఉదయం కూడా చూశాను. కానీ చూసింది హుడ్‌లో, టోపీలో. మా దగ్గర మనిషిని జుట్టుతో ఎవరూ గుర్తుపట్టరు, సూటు మీది నంబరుతో, కళ్లతో గుర్తుపడతారు. బస్సు దిగేటప్పుడు దుమ్ముకు పిల్లలందరూ చున్నీలు చుట్టుకునే దిగుతారు. ఎవరి చున్నీ కింద ఎంత జుట్టుందో నాకేం తెలుసు?

బాలమణి ఆగలేదు. “ఊరంత అడుగుతున్నరు, బిడ్డకేమన్న బీమారా అని. మా అత్త రెండు దినాల సంది దాని మొఖం చూస్తలేదు. బస్సుల పంపే తల్లులందరు మా ఇంటికొచ్చిండ్రు, రేపు మా పొల్లలయి గుడ కోపిస్తదా గా మేడం అని. నేనేం చెప్పాలె? ఇగ రేపటి సంది పంప. ఇయ్యాల్నే తోల్కపోతా.”

రేణుక అప్పటికి సీసాలు నింపే గదిలో ఉంది. పని మధ్యలో మనిషిని బయటికి పిలవకూడదన్నది నియమం. ఒకసారి బయటికి వస్తే గౌనింగ్ మొత్తం మొదటి నుంచి చేయాలి, లోపల పని ఆగుతుంది. విరామం వరకు ఆగమని బాలమణికి చెప్పాను. ఆగుతానంది, కూర్చోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

శ్రీధర్ నన్ను పక్కకు తీసుకుపోయాడు. మంచివాడే, గొడవలంటే భయం. “మేడం, రూలని ఒక్క మాటనుండ్రి. ఆ పోస్టుకు మాత్రమే, స్పెషల్ కేసు అందాం. ఆమె నాలుగు తిట్లు తిట్టి పోతది. పిల్లకు ఇంట్ల మాట రాదు, మనకు పని ఆగదు. పాము చావాలె, కర్ర విరగొద్దు,” అన్నాడు.

అతను చెప్పింది ఈ ప్రాంతపు లోకరీతే. ఇస్నాపూర్ నుంచి బొల్లారం దాకా ఏ ఇంట్లోనైనా చెప్పుకోలేని మాటలన్నీ కంపెనీ నెత్తిన వేస్తారు. మేనమామ ఇంట్లో ఫంక్షనుకు పోవడం ఇష్టం లేకపోతే కంపెనీ సెలవు ఇవ్వలేదు. అత్తగారింట్లో ఉండబుద్ధి కాకపోతే కంపెనీ దగ్గర్లోనే గది తీసుకోమంది. ఒంటిపూట ఉపవాసం మానేయాలనుకుంటే కంపెనీలో తినకుండా ఉండనివ్వరు. కంపెనీకి చెవులు లేవు కాబట్టి వినదు, నోరు లేదు కాబట్టి కాదనదు. ఇంట్లోవాళ్లు కూడా నిజమేదో తెలిసినా కంపెనీనే తిట్టుకుని ఊరుకుంటారు. ఎవరి పరువు వారికి మిగులుతుంది. ఇదంతా నాకు తెలుసు. కానీ ఈసారి కంపెనీ అంటే నేనే. పంచాయతీ వరండాలో జడ చూపించి మాట ఇచ్చింది నేను. ఒళ్లు మండిపోయింది.

విరామంలో రేణుకను బయటి గదిలోకి పిలిచాను. టోపీ తీయమన్నాను. తీసింది. జుట్టు చెవుల కిందికి, మెడ దాకా ఉంది. ముఖం చిన్నదై, కళ్లు పెద్దవై, ఎవరో కొత్త పిల్లలా కనిపించింది. బాగుంది కూడా. ఆ మాట ఆ క్షణంలో అనే ఓపిక నాకు లేదు.

“పాసైనవు గదా. గంత జడతోనే పాసైనవు. మరి ఎందుకు కోసుకున్నవ్? నా పేరెందుకు చెప్పినవ్?” అని అడిగాను.

“మీ పేరు చెప్పలే మేడం. కంపెనీ అన్న,” అంది. ఆ తేడా ఆమెకు చాలా ముఖ్యమైనదిగా తోచినట్టుంది. తరువాత గొంతు తగ్గించింది. “ఒక్కసారికి అవునని చెప్పుండ్రి మేడం. మీరు కాదంటే మా అమ్మ నన్ను పనికి పంపది.”

ఎందుకు కోసుకున్నావో ముందు చెప్పు అన్నాను. తల్లి చిన్నప్పటి నుంచీ రోజూ తెల్లవారకముందే లేపి కూర్చోబెట్టి దువ్వుతుందట. నూనె ఎంత, పాయ ఎంత, రిబ్బను ఏ రంగు, అన్నీ తల్లి లెక్కే. తలంటు వారం తల్లి చెబుతుంది. ఎవరైనా జుట్టు బాగుందంటే తల్లే జవాబు చెబుతుంది.

“ఇరవై ఏండ్లొచ్చినయి మేడం. నా నెత్తి నేనొక్కసారి గుడ దువ్వుకోలె. మీరు నేర్పిచ్చిన నాడే ఫస్ట్‌సారి నా ఎంటికెలు నేను పట్టుకున్న. గప్పుడనిపిచ్చింది, ఇవి నాయే గదా అని. నాయే అయితే నాకు వద్దు,” అంది.

దువ్వెన ఎటు పట్టాలో తెలియనట్టు పట్టుకోవడం పరీక్ష భయం కాదన్నమాట. నా కోపం సగం అక్కడే జారిపోయింది. మిగిలిన సగంతో పని చేయాల్సి వచ్చింది, ఎందుకంటే బయట బాలమణి నిలబడి ఉంది.

మా వృత్తిలో ఒక నియమం ఉంది. చేసిన పనిని చేసినవాళ్లే చెప్పాలి, చేసినట్టే చెప్పాలి. ఒకరు చేసిన పనికి ఇంకొకరు సంతకం పెడితే, ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా, ఆ బ్యాచి మొత్తం పారబోయాల్సిందే. రేణుకకు అదే చెప్పాను. కోసుకోమని నేను చెప్పలేదు కాబట్టి చెప్పానని అనను. కాదు అని కూడా నా అంతట నేను అనను. నువ్వే చెప్పు, నీ పక్కన కూర్చుంటాను అన్నాను. ఉద్యోగం పోతుంది మేడం అంది. పోవచ్చు అన్నాను. అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వడం నాకు చేతకాదు.

సందర్శకుల గదిలోకి ఇద్దరం పోయాం. శ్రీధర్ నా ముఖం చూసి ఫోను వచ్చినట్టు బయటికి జారుకున్నాడు. రేణుక తల్లి ఎదురుగా నిలబడి నేలచూపులు చూస్తూ చెప్పింది.

“మేడం ఏం చెప్పలేదమ్మా. ఎవ్వరు చెప్పలే. నేనే పోయి కట్ చేపిచ్చుకున్న. నాకే వద్దనిపిచ్చింది.”

బాలమణి కొడుతుందనుకున్నాను, లేచి మధ్యలోకి రావడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆమె కొట్టలేదు. ఉదయం నుంచి నిలబడే ఉన్న మనిషి అప్పుడు కుర్చీలో కూర్చుంది. ఒక్కటే మాట అడిగింది.

“గా ఎంటికెలేడున్నయే?”

పటాన్‌చెరులో పార్లర్‌లో కోయించుకున్నానని, అక్కడే వదిలేశానని రేణుక చెప్పింది. బాలమణి ముఖం తెల్లబోయింది. కోసుకోవడం కంటే ఇది పెద్ద తప్పని అప్పుడు నాకూ తట్టింది. మా వైపు ఇళ్లలో దువ్వెనకు వచ్చిన నాలుగు వెంట్రుకలు కూడా చుట్టి గోడ సందులో దాస్తారే తప్ప తొక్కేచోట పడేయరు. మనిషి వెంట్రుకలతో చేతబడి చేస్తారన్న బాణామతి మాట వింటే ఇప్పటికీ ఊళ్లలో గొంతులు తగ్గుతాయి. నేను సూక్ష్మజీవశాస్త్రం చదివాను, బాణామతిని నమ్మను. అయినా చిన్నప్పుడు మా అమ్మ నా చేత రాలిన వెంట్రుకలు ఏరించిన సంగతి నాకు గుర్తుంది.

“ఎవల చేతులల్ల పడ్డయో, ఏం జేస్తరో,” అంది బాలమణి. అది కోపం కాదు, అచ్చమైన భయం. “గవి దొర్కాలె. దొర్కినంక పని సంగతి మాట్లాడుదం. దొర్కకుంటే ఇగ ఇది గడప దాటది.”

రేణుక పేరు మీద గేట్ పాస్ రాయించాను. అధికారికంగా అది ‘వ్యక్తిగత పని’. ఇద్దరినీ నా కారులో కూర్చోబెట్టుకుని పటాన్‌చెరు బయలుదేరాను. హైవే మీద ట్యాంకర్ల వెనక మెల్లగా పోతున్నాం. వెనక సీట్లో తల్లీకూతుళ్లు చెరో కిటికీలోంచి చూస్తున్నారు. ఉన్నట్టుండి బాలమణి నన్ను అడిగింది.

“నీకు బిడ్డలున్నరా మేడం?”

“ఒక్కతే బిడ్డ.”

“జడేస్తదా?”

లేదన్నాను. మా అమ్మాయి ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనే కోయించుకుందని, రేణుక కంటే పొట్టిగా ఉంటుందని చెప్పాను. మా అమ్మ అది చూసి, ఇంట్ల ఎవలు సచ్చిండ్రే అని తిట్టి ఆ పూట అన్నం మానేసిందని కూడా చెప్పాను.

“మరి నువ్వేమన్నవ్?”

“నేనేమంట. మా అమ్మకు అన్నం తినిపిచ్చిన, నా బిడ్డకు షాంపూ ఖర్చు తగ్గిందన్న.”

అద్దంలో చూశాను. రేణుక కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. బాలమణి నవ్వలేదు కానీ, నా జడ వైపు చూసి, “నువ్వు మాత్రం కోసుకోలే,” అంది. అవును, నాకు జడ ఇష్టం అన్నాను. నాకు ఇష్టం కాబట్టి ఉంచుకున్నాను అనే మాట నోటి నుంచి వచ్చాక, అది ఆ రోజు కారులో ఉన్న ముగ్గురిలో నేనొక్కదాన్నే అనగలిగిన మాటని తోచింది.

పార్లర్ కూరగాయల మార్కెట్ పక్క సందులో మేడ మీద ఉంది. నడిపే ఆమె మమ్మల్ని చూసి కంగారు పడింది. జడ ఉందా అంటే ఉందంది. జుట్టు కొనుక్కుపోయే మనిషి ఇంకా రాలేదట. సొరుగులోంచి పేపరు చుట్టిన పొట్లం తీసి ఇచ్చింది. లోపలి జడకు రెండు కొసలా రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. బాలమణి పొట్లం విప్పి, జడను చేతి మీద వేసుకుని, కొస నుంచి మొదలు దాకా వేళ్లతో ఒక్కసారి నిమిరింది. నేను తల తిప్పుకున్నాను. ఆమె ఏడవలేదు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల పొద్దులన్నీ ఆమె చేతి మీద ఉన్నాయి. ఆ పిల్ల వద్దన్నది వాటినే. ఇద్దరిలో ఎవరి తప్పూ నాకు కనిపించలేదు.

జడను పొట్లంలో చుట్టి కొంగున ముడివేసుకున్నాక, బాలమణి కూతురి వెనక్కి వచ్చి నిలబడింది. చున్నీ తీయమంది. రెండు వేళ్లు రేణుక చెవుల వెనక పెట్టి తలను కొంచెం వంచి, మెడ మీద జుట్టు కొసలు చూసింది. అది ఎన్ని వేల సార్లు చేసి ఉంటే వచ్చే ఒడుపో చెప్పలేను. రేణుక కూడా అలవాటుగా మెడ వంచింది. కొంతసేపు చూసి పార్లర్ ఆమె వైపు తిరిగింది.

“గిట్లనే కోస్తరా? కుడి దిక్కు ఎక్కువున్నది, ఎడమ దిక్కు తక్కువున్నది. నా బిడ్డ ఎంటికెలు వంకర కోస్తవా? కూసోపెట్టి సక్కగ కొయ్యి,” అంది.

పార్లర్ ఆమె రేణుకను కుర్చీలో కూర్చోబెట్టింది. బాలమణి పక్కన నిలబడి, ఇగో ఇక్కడ, జెర కిందికి, సాలు, అంటూ వేలితో చూపిస్తూ పోయింది. ఒకచోట రేణుక “అమ్మా, గంత కిందికి వద్దు, చెవు కాడికే ఉండనీ” అంది. బాలమణి వేలు ఆగింది. “నీ నెత్తి, నీ ఇష్టం,” అంది. దెప్పిపొడుపుగానే అంది. అయినా పార్లర్ ఆమె కత్తెర రేణుక చెప్పిన చోటే ఆగింది.

కిందికి దిగేటప్పుడు బాలమణి తన తీర్పు చెప్పింది. “పనికి పోతే పో. గని పెండ్లి నాడు మాత్రం జడుండాలె. దీన్ని సవరం కట్టిపిస్త.”

“పెండ్లి ముచ్చట గప్పుడు చూద్దం,” అంది రేణుక. తల్లి మీద నుంచి మెట్ల మీదికి చూపు తిప్పుకుంటూ అన్నా, మాట మాత్రం స్పష్టంగానే అంది.

మరుసటి రోజు ఉదయం కొండాపూర్ బస్సులో పిల్లలందరూ వచ్చారు, రేణుకతో సహా. ఆమె చున్నీ చుట్టుకోకుండా దిగింది. పొట్టి జుట్టుకు కూడా హుడ్ సరిగ్గా కూర్చోవాలి, అది వేరే లెక్క. టోపీ జారుతుంది, పిన్నులు ఆగవు. కాబట్టి ఆమెకు మళ్లీ ఒకసారి శిక్షణ ఇచ్చి, ప్లేట్లు అద్ది, శుభ్రంగా వచ్చాకే లోపలికి పంపాను. నియమం ఎవరికైనా ఒకటే. ఆ తర్వాత ఆమె పర్మనెంట్ అయింది. నేను రిటైరయ్యేనాటికి కొత్త పిల్లలకు గౌనింగ్ నేర్పేది ఆమే.

ఆ ఘటన తరువాత నేను రాతపూర్వక విధానంలో ఏమీ మార్చలేదు. జుట్టు పూర్తిగా కప్పబడి ఉండాలన్న లైను అలాగే ఉంచాను. శిక్షణ మొదటి రోజున నేను చేసే పని ఒకటి మాత్రం మారింది. అంతకుముందు కూర్చోగానే దువ్వెన తీసి నా పద్ధతి మొదలుపెట్టేదాన్ని. తరువాత ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి, నీ జుట్టు ఎలా ఉండాలని నీకుంది అని అడిగేదాన్ని. చాలామంది జడే కావాలన్నారు, కొందరు ఆలోచించి చెబుతామన్నారు, ఒకరిద్దరు ఆ ప్రశ్న అర్థం కాక నా ముఖం చూశారు. ఆ ప్రశ్న ఎవరూ అడగకుండానే వాళ్లు ఆ వయసుకు వచ్చారు. ఊరి వరండాలో నేను మాట ఇచ్చింది తల్లులకు. దానికి కట్టుబడే ఉన్నానని అనుకున్నాను, అది నిజమే. ఆ జడలు మోస్తున్న పిల్లలు కూడా ఆ వరండాలోనే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు, వాళ్లను మాత్రం ఎవరం ఏమీ అడగలేదు.